కూర్చునే గుంపు

ల్యాబమ్మ వచ్చేసరికి కుర్చీలాయన ఒక కుర్చీని బోర్లా వేసి, దాని కాళ్ల మధ్య తల పెట్టి ఉన్నాడు.

కుర్చీ అడుగు అల్లాలంటే, చట్రం పైనుంచి కన్నంలోకి పేము బద్ద దూర్చాలి. లేచి కుర్చీ తిప్పాలి. కిందనుంచి ఆ కొస పట్టుకుని లాగి, పక్క కన్నంలోంచి మళ్లీ పైకి పంపాలి. మళ్లీ కుర్చీ తిప్పాలి. అది ఇద్దరు చేసే పని. ఇదివరకు పైన ఆయన, కింద ఆయన భార్య. ఆయన దూర్చిన బద్దను ఆమె కిందనుంచి లాగేది. మాటలతో పని లేదు. బద్ద బిగువుగా వస్తే ఆమె ధ్యాస పని మీద ఉన్నట్టు. వదులుగా వస్తే ఇంకేదో ఆలోచిస్తున్నట్టు. ఇన్నేళ్లూ ఒకే కుర్చీకి పైనా కిందా కూర్చుని కాపురం చేశారు. ఆమె పోయాక ఒక్కో కుర్చీకి రెండింతల పొద్దు పడుతోంది.

ల్యాబమ్మ ఆసుపత్రిలో పరిశోధన చేసేవాళ్ల దగ్గర పనిచేస్తుంది. నలభై దాటిన మనిషి. ఆ పేరు పెట్టింది కుర్చీలాయన భార్యే. ల్యాబమ్మ భుజాన ఎప్పుడూ ఒక నీలం సంచి. సంచిలో మంచు పలకలు, వాటి మధ్య మూతల డబ్బాలు. ఆ డబ్బాల్లో ఏం పట్టుకుపోతుందో కుర్చీలాయన గాని, భార్య గాని ఎవరికీ చెప్పలేదు. వీధిలో పిల్లలు ఐస్‌క్రీమ్ అనుకునేవాళ్లు. ఒకడు తనకూ కావాలని వెంటపడితే ఆమె కడుపు పట్టుకుని నవ్వింది.

"అమ్మగారి సంగతి తెలిసింది బాబాయ్ గారూ," అంది ల్యాబమ్మ గుమ్మంలోనే నిలబడి. "ముందే రావాల్సింది."

"కూర్చో తల్లీ."

ఇంటి ముందు గదే ఆయన కొట్టు. దాని నిండా కుర్చీలే గాని, ఒక్కదానికి తప్ప దేనికీ అడుగు లేదు. ఆయన ఆ ఒక్కదాన్ని వదిలి స్టూలు జరిపాడు. ల్యాబమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్కన తొట్టిలో పేము బద్దలు నానుతున్నాయి.

"నా వంతు డబ్బా కోసం వచ్చావా?" అన్నాడాయన.

"దానికీ వచ్చాను. ఇంకోటి అడగాలి. అడగొచ్చో లేదో తెలీదు."

"అడుగు."

ల్యాబమ్మ సంచి పట్టీ సవరించుకుంది.

కిందటేడు కుర్చీలాయన గుండెలో ఒక రక్తనాళం పూడుకుపోతే గొట్టం వేసి తెరిచారు. ఆయన భార్యకు బీపీ, షుగరు. ఆమె గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోవడం లేదని పెద్ద డాక్టరు ఎప్పుడో చెప్పాడు. ఇద్దరూ కలిసి చూపించుకోవడానికి వెళ్లిన రోజున, వరండాలో బల్ల మీద కూర్చుని ఉంటే ల్యాబమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఒక పరిశోధనలో చేరతారా అని అడిగింది.

"మన పేగుల్లో కోటానుకోట్ల సూక్ష్మజీవులుంటాయి," అని చెప్పింది. "మనకి అరగని పీచంతా వాటికి తిండి. అది తిని అవి కొన్ని పదార్థాలు వదుల్తాయి. అవి రక్తంలో కలుస్తాయి. వాటిలో కొన్ని గుండెకి మేలు చేస్తాయి. రక్తనాళాలు బిర్రబిగుసుకుపోకుండా చూస్తాయి. మాంసం, గుడ్లు తిన్నప్పుడు ఇంకో రకం తయారవుతుంది. అది కాలేయంలోకి పోయి మారి, నాళాలు గట్టిపడేట్టు చేస్తుంది. తిండి మార్చకుండా, ఒట్టి నడకతోనే ఈ రెండిట్లో మార్పు వస్తుందా అని చూస్తున్నాం."

కుర్చీలాయన ఊరుకున్నాడు. ఆయన భార్య మాత్రం ముందుకి వంగి వింది.

"అంటే కడుపులో అద్దెకుండేవాళ్లన్నమాట," అంది.

"అలాగే అనుకోండి."

"అద్దె ఇస్తారా మరి?"

"మంచివాళ్లయితే ఇస్తారమ్మా. ఆ మేలు చేసే పదార్థమే అద్దె."

"ఈయన కడుపులో చేరినవాళ్లు ఈయనలాగే ఉలకరూ పలకరూ అయ్యుంటారు. అడిగినా ఇవ్వరు."

ఇద్దరూ నడవొచ్చని పెద్ద డాక్టరు చూసి ఒప్పుకున్నాక, ఎవరు ఏ గుంపో కంప్యూటరు చీటీ వేసింది. ఆయన నడిచే గుంపులో పడ్డాడు. రోజూ పొద్దున్నే, పక్కన మనిషితో మాట్లాడితే ఆయాసం వచ్చేంత వేగంగా నడవాలి. ఆమె రెండో గుంపులో పడింది. ఇప్పుడెలా ఉన్నారో అలాగే ఉండాలి, కొత్తగా నడక గాని, వ్యాయామం గాని మొదలుపెట్టకూడదు. పరిశోధన అయ్యాక వాళ్లకీ నడక నేర్పుతారు. దానికి కూర్చునే గుంపు అని పేరు పెట్టుకుంది ఆమె.

"పుట్టి బుద్ధెరిగాక జనం కూర్చోడానికే అల్లాను," అంది ల్యాబమ్మతో. "నన్ను కూర్చోమన్నది నువ్వొక్కదానివే."

మరి కాసేపటికి, "ఇద్దర్నీ ఒక దాంట్లోనే వెయ్యకూడదా?" అని అడిగింది.

"చీటీ నా చేతిలో లేదమ్మా."

ఇంటికొచ్చే దారిలో కుర్చీలాయన ఆమెకు ఒకటే మాట చెప్పాడు. "మాటిచ్చాం. నువ్వు నడిచావంటే వాళ్ల పని పాడవుతుంది."

"సరేలే. నా కాళ్లకి చెప్పు, వింటాయి."

ఆయన తీరు అంత. అల్లికలో ఒక్క బద్ద పైనుంచి పోవాల్సింది కిందనుంచి పోతే, అడుగంతా విప్పేసి మొదటినుంచి అల్లుతాడు. కొనేవాడికి తెలియదు కదా అని ఆమె ఎన్నోసార్లు అంది. నాకు తెలుసు కదా అనేవాడు.

మొదట్లో ఒకసారి ఇద్దరి రక్తం, ఇద్దరి మలం నింపిన డబ్బాలు పట్టుకెళ్లారు. మధ్యలో ఇంకోసారి. తన డబ్బాకి ఆమె సన్నటి పేము ముక్క చుట్టి ముడేసేది. "కలిసిపోయాయంటే నీ కడుపులో పాపాలన్నీ నా పద్దులో రాస్తారు," అనేది. చివరిసారి ఇవ్వడానికి ఆమె లేదు. మధ్యాహ్నం పూట, అడుగు అల్లడం అయిపోయిన ఒక కుర్చీలో, బిగువు ఎలా ఉందో చూస్తానని కూర్చుంది. చూస్తూనే ఉంది అనుకున్నాడాయన. కవాటం అన్నారు డాక్టర్లు. ఆ కుర్చీ అల్లకానికి ఇచ్చినవాళ్లు దానికోసం ఇంకా రాలేదు. వచ్చినా ఏం చెప్పాలో ఆయనకు తెలియదు.

ఆ రోజునుంచి ఆయన నడక మానేశాడు. మానేశాక ఒకే ఆలోచన పట్టుకుంది. నేను లేచి తిరిగాను, దాన్ని కూర్చోబెట్టాను. నేను కూర్చోబెట్టకపోతే ఉండేదేమో. ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. అనడానికి కొట్లో ఎవరూ లేరు కూడా.

"అమ్మగారి మధ్య పరీక్ష ఫలితం వచ్చింది," అంది ల్యాబమ్మ ఎట్టకేలకు. "మొదటి దానికీ దీనికీ చాలా తేడా ఉంది. మేలు చేసే పదార్థం పెరిగింది. చెడ్డది తగ్గింది. మీకెలా మారిందో ఆవిడకీ అలాగే మారింది."

ఆయన చేతిలో బద్ద ఆగింది.

"డబ్బాలు మారిపోయాయేమో."

"అదే అనుకున్నాం. మారితే మీది కూర్చున్నవాళ్ల మాదిరి ఉండాలి కదా. మీదీ నడిచినట్టే ఉంది."

"అయితే?"

ల్యాబమ్మ మొహమాటపడింది. "మా ఆఫీసులో ఒకరు, రెండు డబ్బాలూ ఒకళ్లే నింపారేమో అన్నారు."

ఆ మాట తన భార్య విని ఉంటే ఏమనేదో కుర్చీలాయనకు తెలుసు. అంత సరుకు ఈయన దగ్గరెక్కడిది అనేది.

"నేను ఒప్పుకోలేదులెండి," అంది ల్యాబమ్మ వెంటనే. "రక్తం నా చేత్తోనే తీశాను. రక్తం కూడా అదే చెప్తోంది. తిండేమన్నా మార్చారా ఆవిడ? పప్పులు, ఆకుకూరలు ఎక్కువ తినడం లాంటిది?"

"ఒకే గిన్నె. నేనేం తింటే అదే."

"మరి నడిచారా?"

"నడవలేదు."

"మీరు లేనప్పుడు..."

"మాటిచ్చింది తల్లీ. మా ఆవిడ నోరు పెద్దదే గాని మాట తప్పదు."

ల్యాబమ్మ తలూపింది. సంచిలోంచి ఒక డబ్బా తీసి ఆయన పక్కన పెట్టింది. "తొందరేం లేదు. ఏమన్నా గుర్తొస్తే చెప్పండి. నిజం ఏదైనా సరే, రాసుకోవాలి మేం."

"నడిచిందని తేలితే దాని పేరు కొట్టేస్తారా?"

ల్యాబమ్మ అప్పటికే గుమ్మం దాటింది. ఆ ప్రశ్న ఆమెకు వినపడలేదు. ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

ఆ సాయంత్రం పని సాగలేదు. కొట్టేస్తారనే అనుకున్నాడు. ఆ పరిశోధనలో చేరానని ఆమె ఎంత గొప్పగా చెప్పుకునేదో గుర్తొచ్చింది. "నా పేగులక్కూడా ఒక పని దొరికింది. ఎవరి గుండెకో పనికొస్తాయట," అనేది. పిల్లల్లేరు. ఇల్లు అద్దెది. వాళ్లు అల్లిన కుర్చీల్లో ఎవరెవరో కూర్చుంటారు, అల్లిందెవరో అడగరు. ఆసుపత్రి మంచుపెట్టెలో పేము ముక్క చుట్టిన రెండు చిన్న డబ్బాలు, ఈ లోకంలో ఆమెవి అని చెప్పుకోడానికి మిగిలినవి అవే. ఇప్పుడు ఆమె అబద్ధమాడిందని వాటిని పారబోస్తారు.

దీపం వెయ్యడానికి లేచి, తలుపు పక్కన ఆమె చెప్పుల దగ్గర ఆగాడు. పరిశోధనలో చేరిన వారమే కొన్న చెప్పులు. కూర్చునే గుంపుకి కొత్త చెప్పులెందుకే అని ఆయన ఎగతాళి చేశాడు. చూసుకోడానికి అంది.

ఒకటి తీసి తిరగేశాడు. కుర్చీ అడుగు చూస్తే అందులో కూర్చునే మనిషి ఏ పక్కకి ఒరుగుతాడో ఆయన చెప్పగలడు. చెప్పూ అంతే కదా. మడమ బయటి అంచు పలచబడి ఉంది. అడుగున గీతలు సగం అరిగి నున్నబడ్డాయి. పంపు దగ్గరికీ, కూరగాయల బండి దగ్గరికీ తిరిగితే ఇంత అరగదు. గీతల మధ్య ఎర్రటి పొట్టు ఇరుక్కుని ఉంది. గోటితో గీకి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. రంపపు పొట్టు.

రంపపు పొట్టు పడేది ఒక్కచోటే. కలప అడితి ముందు, ఆయన రోజూ నడిచిన రోడ్డు మీద.

తెల్లవారాక, చాలా రోజుల తర్వాత ఆ రోడ్డు పట్టాడు. సందు దాటి పెద్ద రోడ్డు, రోడ్డు పక్కన కలప అడితి, అడితి దాటితే టీ కొట్టు, టీ కొట్టు దాటితే వంతెన. ఇదివరకు వంతెన అవతలి కొస దాకా పోయి వెనక్కి వచ్చేవాడు. తల వంచుకుని, ఎవరో తరుముతున్నట్టు పోయేవాడు. పక్కలకి చూడడు. చూడలేడు కూడా. ఏళ్లపాటు కుర్చీల మీదికి వంగి వంగి మెడ పట్టేసింది. వెనక ఏముందో చూడాలంటే ఒళ్లంతా తిరగాలి. "సందులో లారీని తిప్పినట్టే," అనేది ఆమె. "ఎవరన్నా దిగి, రా రా అని చెయ్యూపాలి."

ఈసారి టీ కొట్టు దగ్గర ఆగాడు. కొట్టావిడ పాలు కాస్తోంది.

"వచ్చావా పెద్దాయనా," అంది గరిటె ఆపకుండా. "విన్నాను. ఆ కబురు చెప్పినవాడికి టీ పొయ్యలేదు ఆ పూట. చెయ్యాడలేదు."

ఆయన బల్ల మీద కూర్చున్నాడు. ఎలా అడగాలో తెలియలేదు. అడక్కుండానే ఆవిడ ఒక గ్లాసు తెచ్చి పెట్టింది.

"మా ఆవిడ నీకెలా తెలుసు?" అన్నాడు.

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. "నీకు తెలీదా? చెప్పలేదా?"

"ఏంటి?"

"నీ వెనకాలే వచ్చేది. రోజూ."

గ్లాసు పట్టుకున్న చెయ్యి కాలుతున్నా ఆయన తియ్యలేదు.

"నువ్వు ఆ అడితి గేటు దాటాక, గోడ వారన కనపడేది," అంది కొట్టావిడ. "ఈ గుంజ పట్టుకుని నిలబడేది. నువ్వు వంతెన ఎక్కి ఆ కొసకి పోయేదాకా చూసేది. నువ్వు తిరగడానికి మొదలెట్టావా, నా కొట్టు వెనక సందులోంచి ఇంటికి. నువ్వు తిరిగేలోపు సగం దూరం పోవచ్చు అనేది. నీ మెడ సంగతి చెప్పి మమ్మల్ని నవ్వించి చంపేది."

ఆ సందు అడ్డదారి. ఆయన ఇంటికొచ్చేసరికి ఆమె తొట్టిలో బద్దలు నానేస్తూ ఉండేది. నుదుటి మీద చెమట ఉండేది. పొయ్యి సెగ అనుకునేవాడు. పొయ్యి వెలిగిందా లేదా అని ఎన్నడూ చూడలేదు.

"ఎందుకొచ్చేది?"

"అడిగాను. 'గుండెలో గొట్టం పెట్టుకుని ఎద్దులా పోతున్నాడు. పడితే లేపే మనిషి ఉండొద్దా' అంది. 'నువ్వు కూర్చునే గుంపు కదా' అన్నాను. ఆ ఆసుపత్రి కథంతా నాకు చెప్పిందిలే. డబ్బా సంగతి తప్ప. డబ్బా అంటే నవ్వేది, చెప్పేది కాదు. 'మొగుడి వెనక పోకూడదని వాళ్లేం చెప్పలేదు. ఇది నడకా? కాపలా' అంది."

కుర్చీలాయన గ్లాసు కింద పెట్టాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఒప్పుకునేవాడివా?"

ఆయన ఒక గుక్క తాగాడు.

"'ఆయనకి చెప్పావంటే నీ కొట్లో టీ మానేస్తా' అంది నాతో. తాగేది ఎప్పుడో ఒక గుక్క, అదీ చక్కెర లేకుండా. ఆ బెదిరింపుకి చెప్పలేదనుకో ఇన్నాళ్లూ." ఆవిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇప్పుడు మానేసిందిగా. చెప్తున్నాను."

పాలు పొంగబోతే వెళ్లి దించింది. మళ్లీ వచ్చింది.

"ఆయాసపడేదా?" అన్నాడు కుర్చీలాయన.

"మొదట్లో బాగా. ఈ గుంజ పట్టుకుని వంగిపోయేది. 'ఎందుకమ్మా నీకీ తిప్పలు' అనేదాన్ని. పోను పోను తగ్గింది. చివర్లో నీకు బాగా దగ్గరగానే వచ్చేది. ఒకరోజు ఒకటే నవ్వు. ఏంటమ్మా అంటే, 'ఇవాళ చెయ్యి చాపితే చొక్కా అందేది' అంది."

ఆయన లేచాడు. టీకి చిల్లర తియ్యబోతే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. వంతెన వైపు పోలేదు. కొట్టు వెనక సందులోంచి ఇంటికి పోయాడు. ఆ సందులో ఇంత ఎత్తు ఎక్కాలని ఆయనకు తెలియదు. మధ్యలో ఒకచోట గోడ పట్టుకుని ఆగాల్సి వచ్చింది. అక్కడ గోడకి సున్నం చెదిరి, అరచేయంత మేర నల్లబడి ఉంది. ఎవరెవరో పట్టుకుని ఉంటారు. ఆమె కూడా పట్టుకుని ఉంటుంది. ఆ మచ్చ మీదే చెయ్యి పెట్టాడు.

ఆమెను కూర్చోబెట్టి చంపుకున్నానని ఇన్నాళ్లూ కుమిలాడు. ఆ బరువు దిగకముందే ఇంకోటి వచ్చి ఎక్కింది. కవాటం సరిగా మూసుకోని గుండె. దాన్ని వేసుకుని తన పరుగు వెనక పరుగు. ఇంకొంచెం నెమ్మదిగా పోయి ఉంటే. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, లారీని తిప్పినట్టయినా తిరిగి ఉంటే.

ల్యాబమ్మ అడిగింది చెప్పకపోతే ఎవరికీ తెలియదు. టీ కొట్టావిడ ఆసుపత్రికి పోదు. చెప్పకపోతే ఆమె డబ్బాలు మంచుపెట్టెలో ఉంటాయి, ఆమె మాట మాటగా ఉంటుంది. రెండు రోజులు ఆ సంగతే ఆలోచిస్తూ ఒక కుర్చీ అల్లాడు. మూడో రోజు పొద్దున చూసుకుంటే, ఒక మూల బద్ద పైనుంచి పోవాల్సింది కిందనుంచి పోయింది. చాకు తీసుకుని అంతా కోసేశాడు. చొక్కా మార్చుకుని, ల్యాబమ్మ ఇచ్చిన డబ్బా గుడ్డలో చుట్టుకుని, ఆసుపత్రికి బయల్దేరాడు.

ల్యాబమ్మ గది వరండా చివర. లోపల ఒక బల్ల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, గోడ వారన బుయ్యిమంటూ ఒక తెల్లటి మంచుపెట్టె. ఆమె లేచి ఆయనకు కుర్చీ చూపించింది. ఆయన కూర్చోలేదు.

"నడిచింది," అన్నాడు. "నా వెనకాల. నేను చూడలేదు."

తర్వాత అడితి, టీ కొట్టు, గుంజ, సందు, అన్నీ చెప్పాడు. అన్ని మాటలు ఒకేసారి ఆయన నోట రావడం అదే మొదలు. చొక్కా సంగతి మాత్రం చెప్పలేదు. అది దాచుకున్నాడు.

ల్యాబమ్మ కలం పట్టుకుంది గాని రాయలేదు.

"ఒకటి అడుగుతాను," అన్నాడాయన. "నిజం చెప్పు. నా నడక అందుకోలేకే ప్రాణం పోయిందా?"

ల్యాబమ్మ వెంటనే కాదు అని ఉంటే ఆయన నమ్మేవాడు కాదు. ఆమె ఆలోచించింది.

"ఒక మనిషి విషయంలో ఇది దీనివల్లే అని నేను చెప్పలేను బాబాయ్ గారూ. చెప్పానంటే అబద్ధం. ఆవిడ నడవొచ్చని పెద్ద డాక్టరు ముందే చూశారు. ఆ చీటీ అటు పడి ఉంటే ఆవిడ కూడా మీలాగే నడిచేవారు. కవాటం చాలా ఏళ్లుగా పాడవుతూ వచ్చింది. పేగుల్లో ఎంత మంచి జరిగినా అది కవాటాన్ని బాగు చెయ్యదు." ఆగింది. "కానీ ఆ రక్తంలో నాకు కనపడింది చెప్పగలను. కష్టపెట్టి కుంగదీసిన ఒంట్లో అలా ఉండదు. మొదట్లో కంటే మధ్యలో ఆవిడ ఒళ్లు బాగుంది. మీ వెనక నడిచినన్నాళ్లూ బాగుపడుతూ వచ్చారు. అది మాత్రం ఉంది అందులో."

కుర్చీలాయన అప్పుడు కూర్చున్నాడు.

"అద్దె ఇచ్చారన్నమాట," అన్నాడు.

"ఏంటండీ?"

"ఏం లేదు. కొట్టేస్తారా దాన్ని?"

"కొట్టెయ్యం. చీటీలో ఏ గుంపు వస్తే ఆ గుంపులోనే ఉంచాలి. నడిచారని పక్కన రాస్తాం."

"కూర్చునే గుంపులోనేనా?"

"అక్కడేనండీ. రూలు అంతే."

ఆయన మంచుపెట్టె వైపు చూశాడు. "కాపలా అని రాయడానికి వీలుంటుందా?"

ల్యాబమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఆ మాటకి మా దగ్గర గడి లేదు బాబాయ్ గారూ."

"పోనీలే. నడిచిందని రాయి చాలు."

ఆమె రాసింది. ఆయన గుడ్డ విప్పి తన డబ్బా బల్ల మీద పెట్టాడు. నడక మానేసి ఇన్నాళ్లయింది, ఇది పనికొస్తుందా అని అడిగాడు. మానేసిన సంగతి కూడా రాస్తానంది ల్యాబమ్మ. ఆపేస్తే లోపలివన్నీ కొన్ని వారాల్లోనే పాత తీరుకి వచ్చేస్తాయంది. ఎంత కూడబెట్టినా నిలవదు, రోజూ కూడబెట్టుకుంటూనే ఉండాలంది.

"మరి ఆమెది?"

"ఆవిడది అలాగే ఉంటుంది. గడ్డకట్టించి పెట్టాం కదా. ఆ రోజు ఎలా ఉందో అలాగే."

చూస్తారా అని అడగలేదు ఆమె. ఆయనా అడగలేదు. పెట్టె తలుపు తెరిచి ఆయన డబ్బా లోపల పెడుతున్నప్పుడు చల్లటి పొగ బయటికి వచ్చింది. ఆ పొగలో, లోపలి వరసలో ఒక మూతకి చుట్టిన పేము ముక్క ఒక్క క్షణం కనపడి, తలుపు మూసుకుంది.

మర్నాడు పొద్దున ఆయన నడకకి వెళ్లాడు. వేగంగా పోలేదు. అడితి ముందు పొట్టు కొత్తగా పడి ఉంది. టీ కొట్టావిడ చూసి తలూపింది, మాట్లాడలేదు. ఆయన గుంజ దాటి వంతెన ఎక్కి, అవతలి కొస దాకా పోయాడు. అక్కడ ఆగి, కాళ్లు కొంచెం కొంచెం జరుపుకుంటూ ఒళ్లంతా తిప్పాడు. ఎప్పుడూ తిరిగీ తిరగ్గానే తల వంచుకుని నడక మొదలెట్టేవాడు. ఈసారి తలెత్తి చూశాడు.

వంతెన పొడుగునా ఎవరూ లేరు. దాని చివర టీ కొట్టు అగ్గిపెట్టెంత ఉంది. గుంజ కనపడలేదు. దాని వెనక అడితి, దాని వెనక ఎక్కడో సందు మలుపు, ఇంకా వెనక ఇల్లు.

ఇంత దూరమా, అనుకున్నాడు.